తుంగ గడ్డి కాదు, పీకితే పోదు: కలుపు మీద అపోహలు

కలుపు గురించి సలహా అడుగుతూ నాకు వచ్చే ఫొటోల్లో సగం పీకేసిన మొక్కలవే, అదీ పైభాగం మాత్రమే. కథంతా మట్టిలోనే ఉండిపోతుంది.

అపోహ: తుంగ కూడా గడ్డే, గడ్డి మందు కొడితే చస్తుంది.
కాదండీ. పూత కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి, మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడకు అవి ఉండవు. తుంగ కుటుంబమే వేరు కాబట్టి క్విజలోఫాప్ లాంటి గడ్డిజాతి మందు కొట్టినా అది పచ్చగానే ఉంటుంది, డబ్బులు మాత్రం పోతాయి.

అపోహ: పీకేస్తే పీడ పోతుంది.
తుంగకు ఇది అస్సలు పనిచేయదు. కింద తుంగముస్తలు, అంటే దాని గడ్డలు, దండ గుచ్చినట్టు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, చివర మొలిచిన గడ్డ మిగతావాటిని మొలవనీయకుండా అణిచి ఉంచుతుంది. ఆ దండ తెగిందంటే నిద్రపోతున్న గడ్డలన్నీ విడివిడిగా లేస్తాయి. నేను కూడా మొదట్లో తడి నేలలో రోటవేటర్ తోలించి, ఒక మడిలో ఉన్న తుంగను చక్కగా మూడు మళ్లకు పంచాను! వేసవిలో లోతుగా దున్ని, గడ్డలు పైకి తేలాక ఎండకు వదిలేస్తే చాలావరకు ఎండి చస్తాయి. నీడ కూడా దానికి గిట్టదు, పైరు తొందరగా కమ్ముకుంటే అదే జంకుతుంది.

అపోహ: వయ్యారిభామను కంపోస్టులో వేయకూడదు.
పూత రాకముందైతే నిక్షేపంగా వేయొచ్చు. తెల్లపూలు విచ్చాక మాత్రం వద్దు, ఒక్కో మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది, ఆ ఎరువుతో పాటు పొలమంతా మీరే చల్లినట్టవుతుంది. వాన పడిన మర్నాడు, ఆకులు ఇంకా నేలకు కరుచుకుని ఉన్నప్పుడే వేరుతో లాగేయండి. చేతికి తొడుగు తప్పనిసరి. దురద అందరికీ రాదు, నిజమే, కానీ నాకేం కాలేదని ఏళ్ల తరబడి ఉత్త చేతులతో పీకినవాళ్లకే ఒకరోజు మొదలవుతుంది, ఆ తర్వాత వదలదు.

అపోహ: గురివింద గింజ మింగితే చావే.
విషం నిజమే, కానీ అది గట్టి పెంకు లోపల ఉంటుంది. మింగిన గింజ పగలకపోతే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. అలాగని టెన్షన్ లేదనుకుని ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నమిలినా, దండ కోసం సూదితో పొడిచిన గింజను మింగినా అసలు ప్రమాదం.