తీరం మీద దిగిన కెమెరాలు: అపోహలు - వాస్తవాలు

జూన్ 6 దగ్గరపడితే చాలు, మా ఫొటో డెస్కుకు నార్మండీ ఫొటోలు వచ్చిపడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఆ రోజే మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన దిగాయి; దాన్నే డి-డే అంటారు. వాటి వెంటే పాత అపోహలూ వస్తాయి.

అపోహ: అవన్నీ పత్రికలవాళ్లు తీసినవే.

రాబర్ట్ కాపా పేరు అంతగా నాటుకుపోయింది మరి. ఆయన 'లైఫ్' పత్రిక మనిషి. కానీ ఆ రోజు ఒమాహా తీరాన (నార్మండీలో ఒక భాగానికి సైన్యం పెట్టుకున్న సంకేతనామం), పడవ తలుపు పడగానే నీళ్లలోకి దిగుతున్న సైనికుల ఫొటో తీసింది అమెరికా కోస్ట్ గార్డు ఫొటోగ్రాఫర్ రాబర్ట్ సార్జెంట్ (అది ఆయన ఇంటిపేరు, హోదా కాదు). బ్రిటిష్ సైన్యానికైతే ఇందుకోసం ప్రత్యేక దళమే ఉండేది. పైన్‌వుడ్ స్టూడియోలో శిక్షణ పొంది, నార్మండీలోనే స్వోర్డ్ అనే మరో తీరంలో సైనికులతోపాటే దిగారు వాళ్లు.

అపోహ: ఫొటోగ్రాఫర్ అందరికంటే ముందు దూకేవాడు.

సార్జెంట్ ఫొటో మరోసారి చూడండి. దాదాపు అన్నీ వీపులే. ఎందుకంటే ఆయన ఇంకా పడవలోనే ఉన్నాడు. ముఖాలు కావాలంటే వాళ్లకంటే ముందుకెళ్లి, శత్రువు తుపాకులకు వీపు చూపించి నిలబడాలి. కాపా కొన్ని ఫ్రేములు అలా తీశాడు, చాలామందికి అది కుదిరే పని కాదు. అందుకే ఇలాంటి ఫొటో ఏది వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఒడ్డు మీంచి తాపీగా, ఎదురుగా, ఫ్రేము కుదుర్చుకుని తీసినట్టుంటే నాకు అనుమానమే. ఇంగ్లండ్‌లోని స్లాప్టన్ శాండ్స్‌లో ముందుగా జరిగిన రిహార్సల్ ఫొటోలు డి-డే పేరుతో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

అపోహ: బోలెడన్ని తీసి, తర్వాత మంచివి ఏరుకునేవాళ్లు.

స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలో ఒక్కో ఫొటోకు ఒక్కో ఫిల్మ్ షీటు. ఐమో సినిమా కెమెరాలో 100 అడుగుల రీలు నిమిషానికే అయిపోతుంది, పైగా అది స్ప్రింగుతో నడిచేది కాబట్టి మధ్యమధ్యలో కీ తిప్పాలి. ఇసుకలో, ఉప్పునీటి తుంపరల్లో రీలు మార్చడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అపోహ: జపాన్ దీవి ఇవో జిమాలో అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న ఫొటో పోజు పెట్టించి తీసింది.

కాదు. 1945 ఫిబ్రవరి 23న జో రోసెంథాల్ ఆ ఫొటో తీసినప్పుడు, మెరైన్ సార్జెంట్ బిల్ జెనాస్ట్ పక్కనే నిలబడి అదే దృశ్యాన్ని కలర్ ఫిల్మ్‌పై తీశాడు. జెండా లేచినదంతా అందులో ఏకబిగిన ఉంది. పేరు అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్‌కు వచ్చింది, సాక్ష్యం మాత్రం సైనికుడి రీలు చెప్పింది. జెనాస్ట్ మరుసటి నెలలోనే ఆ దీవిలో చనిపోయాడు.

అపోహ: సొంత సైనికుల శవాలను సెన్సారు చివరిదాకా చూపనివ్వలేదు.

మొదట్లో నిజమే. 1943 సెప్టెంబరులో న్యూగినీలోని బూనా తీరంలో చనిపోయి పడివున్న ముగ్గురు అమెరికన్ సైనికుల ఫొటోను 'లైఫ్' అచ్చువేయడంతో ఆ ఆంక్ష సడలింది. ఆ నవంబరులో నార్మన్ హ్యాచ్ తదితర మెరైన్ కెమెరామన్లు పసిఫిక్ దీవి తరావాలో తీసిన దృశ్యాలు మరీ ఘోరంగా ఉన్నాయి. వాటితో కూర్చిన డాక్యుమెంటరీకి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా అనుమతివ్వాల్సి వచ్చింది. ఆయన ఇచ్చాడు. సినిమా థియేటర్లలో ఆడింది, ఆస్కార్ కూడా తెచ్చుకుంది.