‘ట’, ‘త’ల మధ్య గీతను మెదడు ఎప్పుడు గీసుకుంటుంది?

‘పాట’, ‘పాత’ అనే మాటలను ఎంత వేగంగా పలికినా తెలుగువారు పొరబడరు. ఇంగ్లిష్ ఒక్కటే వింటూ పెరిగినవారికి మాత్రం ఆ రెండు హల్లులూ తరచుగా ఒకేలా వినిపిస్తాయి. లోపం వారి చెవిలో లేదు. ధ్వనులను మెదడు వేరుచేసుకునే పద్ధతిలోనే దీని మూలం ఉందని తెలియడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

1957లో అమెరికాలోని హాస్కిన్స్ లాబొరేటరీస్‌లో ఆల్విన్ లిబర్‌మన్ బృందం ‘బ’ నుంచి ‘డ’ మీదుగా ‘గ’ వరకు 14 మెట్లలో కొద్దికొద్దిగా మారే కృత్రిమ ధ్వనులను తయారుచేసి వినిపించింది. ధ్వని క్రమంగా మారుతున్నా, విన్నవారికి మాత్రం ఒకచోట ‘బ’ ఆగిపోయి ‘డ’ మొదలైనట్టే తోచింది; గీతకు ఒకే వైపున ఉన్న రెండు ధ్వనుల తేడాను వారు సరిగా పట్టుకోలేకపోయారు, అంతే తేడా గీతకు అటూ ఇటూ ఉంటే సులువుగా గుర్తించారు. నెలల పసికందులు కూడా ‘బ’, ‘ప’లను ఇలాగే విడదీస్తారని 1971లో పీటర్ ఐమస్ బృందం పాలపీక చప్పరించే వేగాన్ని కొలిచి చూపింది. అయితే 1975లో చిన్‌చిల్లా అనే ఎలుకజాతి జంతువు కూడా ఇటువంటి గీతనే చూపడంతో, ఇది మనిషి మాటకే ప్రత్యేకమన్న వాదన బలహీనపడింది.

మనకు అన్నిటికన్నా దగ్గరి ప్రయోగం 1984 నాటిది. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లిష్ కుటుంబాల శిశువులకు హిందీ ‘ట’, ‘త’లను వినిపించారు. ధ్వని మారగానే తల తిప్పిన బిడ్డకు వెలుగుతూ కదిలే బొమ్మ కనిపిస్తుంది. 6–8 నెలల వారిలో దాదాపు అందరూ తేడాను గుర్తించగా, 10–12 నెలల వారిలో ఆ పని చేయగలిగినవారు చాలా కొద్దిమందే. అదే వయసు హిందీ శిశువులకు ఆ శక్తి చెక్కుచెదరలేదు. బిడ్డ మాటలు నేర్చే తొలినాళ్లకే, ఇంట్లో వినిపించని తేడాలను మెదడు పక్కన పెట్టేస్తోందన్నమాట. పక్కన పెట్టడమే గానీ పూర్తిగా చెరిపేయడం కాదు: రెండు ధ్వనుల మధ్య విరామాన్ని బాగా తగ్గిస్తే ఇంగ్లిష్ పెద్దలు కూడా ఈ తేడాను పట్టుకోగలరని 1985లో వర్కర్, జాన్ లోగన్ నిరూపించారు.

ఈ పని మెదడులో ఎక్కడ జరుగుతుందో 2014లో మరింత స్పష్టమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడు ఉపరితలంపై ఎలక్ట్రోడ్లు అమర్చిన ఆరుగురిని పరిశీలించగా, కణత వెనుక భాగంలోని ఒక మడతలో కొన్ని స్థానాలు స్పర్శాలకు (క, ట, ప వంటివి), మరికొన్ని ఊష్మాలకు (శ, స వంటివి), ఇంకొన్ని అనునాసికాలకు (న, మ వంటివి) స్పందించాయి. నోటి చేష్టలను బట్టి మన వ్యాకరణవేత్తలు చేసిన విభజనకు ఇది చాలా దగ్గర. వారు స్పర్శాలలో చేర్చిన అనునాసికాలను మాత్రం మెదడు వేరుగా ఉంచుతోంది.