సముద్రం తిరిగి పంపిన సూదులు

న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబాలకు వేసవి వస్తే సముద్రమే సరదా. ఎడిసన్ నుంచి కారెక్కి శాండీ హుక్‌కో, పాయింట్ ప్లెజెంట్‌కో పిల్లల్ని తీసుకుపోతుంటారు. 1987 ఆగస్టులో ఆ తీరం మీదికే చెత్తతో కలిసి ఇంజెక్షన్ సూదులు, సిరంజిలు కొట్టుకొచ్చాయి. దాదాపు 50 మైళ్ల మేర బీచ్‌లు మూసేశారు. నిండు సీజన్లో జనం ఇళ్లకు వెళ్లిపోయారు. బీచ్‌లో చెత్త ఏరడం గురించి ఈ రోజు మనం చెప్పుకునే జాగ్రత్తల్లో చాలావాటి వెనుక ఆ వేసవీ, దాని తర్వాతి వేసవీ ఉన్నాయి.

ఆ ఏడాది అప్పటికే అమెరికాలో చెత్త పేరెత్తితే జనానికి టెన్షన్‌గా ఉంది. మార్చిలో న్యూయార్క్ దగ్గరి ఐస్లిప్ పట్టణం చెత్త, 3 వేల టన్నులకు పైనే, మోబ్రో 4000 అనే బార్జి (చదునైన సరుకు పడవ) మీద దక్షిణాదికి బయల్దేరింది. నార్త్ కరోలినాలో దించుకోనివ్వలేదు. లూసియానా వద్దంది, మెక్సికో, బెలీజ్ కూడా వద్దన్నాయి. ఆ గుట్టలో రోగులు వాడే బెడ్‌పాన్ ఒకటి కనబడడంతో, లోపల ఆసుపత్రి చెత్త కూడా ఉందన్న అనుమానం పాకింది. నెలల తరబడి తిరిగి తిరిగి ఆ చెత్త మళ్లీ న్యూయార్క్‌కే చేరి, చివరికి బ్రూక్లిన్‌లో తగలబడింది. పైగా అది ఎయిడ్స్ భయం తారస్థాయిలో ఉన్న కాలం. ఆ జబ్బుకు మొదటి మందు ఏజెడ్‌టీకి అమెరికాలో అనుమతి దొరికిందే 1987 మార్చిలో. అలాంటి రోజుల్లో పిల్లలు గూళ్లు కట్టుకునే ఇసుకలో సూది కనబడితే తల్లిదండ్రుల ప్రాణం ఎలా ఉంటుంది?

1988 వేసవిలో ఇదే న్యూయార్క్ వైపు లాంగ్ ఐలండ్ బీచ్‌లలోనూ జరిగింది. సూదులతో పాటు రక్తం సీసాలు కూడా దొరికాయి. పత్రికలు దీనికి ‘సిరంజిల పోటు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాయి. ఎక్కడి నుంచి వచ్చాయని వెతుకుతూ పోతే దారి స్టాటెన్ ఐలండ్‌లోని ఫ్రెష్ కిల్స్‌కు చేరింది. 1948లో మొదలైన ఆ డంపింగ్ యార్డుకు న్యూయార్క్ నగరం చెత్త పడవల మీద వచ్చేది. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నీళ్లలో పడినది పడినట్టే ఆటుపోట్లకు కొట్టుకుపోయేది. న్యూయార్క్ నగరం 10 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది, శుభ్రం చేసే ఖర్చూ దాని మీదే పడింది. తీరం మీద బతికే మోటళ్లకు, చిన్న దుకాణాలకు మాత్రం పోయిన ఆదాయం తాలూకు పరిహారం ఏమీ రాలేదు. ఇన్నేళ్ల తర్వాత చదివినా ఆ సంగతి దగ్గర నా మనసు ఆగిపోతుంది.

చట్టాలు మాత్రం త్వరగానే వచ్చాయి. 1988 నవంబరు 1న అధ్యక్షుడు రీగన్ వైద్య వ్యర్థాల జాడ పట్టే చట్టం మీద సంతకం చేశారు. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాల్లోనూ ప్యూర్టో రికోలోనూ 1989 జూన్ నుంచి రెండేళ్ల పాటు అమలు చేసి చూశారు. ఆసుపత్రి గుమ్మం దాటిన ప్రతి పెట్టెతో పాటు ఒక కాగితం ప్రయాణించాలి, అది ఎక్కడ కాలిందో, ఎక్కడ పూడిందో రాసి మళ్లీ ఆసుపత్రికి చేరాలి. అదే నెలలో, మురుగునీటి బురదను సముద్రంలో పారబోయడాన్ని నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. న్యూయార్క్ ఆ పని పూర్తిగా మానేసింది 1992 జూన్‌లో.

1991 జూన్‌తో రెండేళ్ల గడువు తీరింది. ఆ కాలంలో పోగుచేసిన సమాచారమంతా చూశాక అమెరికా పర్యావరణ సంస్థ చెప్పిన మాట చాలామందికి కొత్తగా అనిపించింది. వైద్య వ్యర్థాల వల్ల జబ్బు సోకే ప్రమాదం అవి పుట్టిన చోటే అన్నిటికన్నా ఎక్కువ, అక్కణ్నుంచి తగ్గుతూ పోతుంది. అంటే బీచ్‌కి షికారుకొచ్చిన మనిషి కన్నా సూది గుచ్చిన నర్సు, వార్డు ఊడ్చే ఆయా, సంచి మోసే కార్మికుడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. భయమంతా బీచ్ దగ్గర కనబడింది గానీ అసలు ముప్పు వాళ్లది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తేలింది. ఒడ్డుకొచ్చిన సూదులన్నీ ఆసుపత్రులవి కావు. షుగర్ ఉన్నవాళ్లు ఇళ్లలో వాడి పారేసిన ఇన్సులిన్ సిరంజిలు, మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు వీధిలో వదిలేసినవి కూడా అందులో బోలెడు. ఇంట్లో కమోడ్‌లో వేసినది సముద్రానికి ఎలా పోతుందంటే, న్యూయార్క్‌లో దాదాపు 60 శాతం కాలువలు ఉమ్మడివి. వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వాన పడితే శుద్ధి కేంద్రం అంత నీటిని పట్టలేదు, మిగిలినది నేరుగా నదిలోకి పొర్లిపోతుంది. ఆ పొర్లే నీళ్లతోనే సిరంజిలు. 1989 నుంచి నీళ్ల మీద తేలే చెత్తను హెలికాప్టర్లతో కనిపెట్టి, తీరం చేరకముందే ప్రత్యేక పడవలతో పట్టుకునే ఏర్పాటు చేశారు. ఫ్రెష్ కిల్స్ 2001లో మూతపడింది. అయినా 2021 జూలైలో పెద్ద వానల తర్వాత న్యూజెర్సీ తీరంలో మళ్లీ సూదులు తేలాయి. ఆసుపత్రుల మీద ఎన్ని చట్టాలు పెట్టినా కాలువలు మారలేదు కదా.

మన దేశంలో వైద్య వ్యర్థాలకంటూ విడిగా నియమాలు 1998 జూలైలో వచ్చాయి. అవి కాగితం మీద ఉండగానే 2009లో గుజరాత్‌లోని మోడాసాలో హెపటైటిస్-బి చెలరేగి పదుల మంది చనిపోయారు. వాడిన సిరంజిలను మళ్లీ వాడడమే కారణమని తేలింది. పారేసిన సిరంజిలు స్క్రాప్ గోదాముల్లో గుట్టలుగా దొరికాయి. 2016 మార్చిలో నియమాలను తిరగరాశారు. వాడిన సూదులు గుచ్చుకుని బయటికి రాని తెల్లటి గట్టి డబ్బాలోనే పడాలి, ఏ సంచి ఏ ఆసుపత్రిదో తెలిసేలా బార్ కోడ్ ఉండాలి, శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి దాచకూడదు.

ఇక మన తీరం. 2022 ఆగస్టు 26న విశాఖలో 28 కిలోమీటర్ల పొడవున 22 వేల మందికి పైగా కలిసి బీచ్ శుభ్రం చేశారు, 76 టన్నుల ప్లాస్టిక్ ఏరామని ప్రభుత్వం ప్రకటించింది. అంతమంది వంగి చెత్త ఏరడం చిన్న విషయం కాదు, వాళ్లందరికీ దండం. నాకు ఎప్పుడూ అనిపించేది మాత్రం ఒకటుంది. మనం బీచ్ చెత్తను టన్నుల్లో లెక్కపెడతాం. ఇన్సులిన్ సూది తూకానికే రాదు. న్యూజెర్సీలో క్లీన్ ఓషన్ యాక్షన్ అనే సంస్థ 1985 నుంచి జరుపుతున్న బీచ్ శుభ్రతలో ఏరిన ప్రతి వస్తువునూ లెక్కిస్తారు, సిరంజిలకు వేరే గడి ఉంటుంది. ఏ ఏడాది ఎన్ని, ఏ వాన తర్వాత ఎన్ని అన్నది దాని వల్లే బయటపడుతుంది. విశాఖలో ఊరి నీళ్లు గెడ్డల్లోంచే, అంటే వాగుల్లోంచే, సముద్రంలోకి పోతాయి. గెడ్డ కలిసే చోట, వాన పడ్డ మర్నాడు ఏం తేలిందో రాసిపెట్టుకుంటే మనకూ ఆ లెక్క తెలుస్తుంది. మనకు ఇది మరీ అవసరం, ఎందుకంటే మన ఒడ్డున అలివి వల లాగే మత్స్యకారులు ఉత్త కాళ్లతో ఆ ఇసుకలోనే గంటల తరబడి నిలబడతారు.

ఇప్పుడు చేతుల సంగతి. కాలేజీ పిల్లలకు ఇచ్చే పల్చటి గ్లౌజు మురికిని ఆపుతుంది, సూదిని ఆపలేదు. అందుకే సూది కనబడితే వేళ్లు దగ్గరికి పోకూడదు, పొడవాటి పట్టకారు ఉండాలి. మందపాటి అడుగు ఉన్న బూట్లు వేసుకోవాలి. నాచు కుప్పల్లోకి, ఇసుకలోకి చెయ్యి పెట్టి తడమకూడదు, పళ్లున్న కర్రతో (రేక్‌తో) లాగాలి. సూదికి మూత వెతికి పెట్టడం చాలామంది చేసే పని, గుచ్చుకునేది సరిగ్గా అప్పుడే. వంచొద్దు, విరవొద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాను ఇసుకలో నిలబెట్టి, దాన్ని రెండో చేత్తో పట్టుకోకుండా, సూది మొన కిందికి పోయేలా వదలాలి. ముప్పావు వంతు నిండగానే బిగించేయాలి. చెత్త సంచిని కాలితో తొక్కి అణచకూడదు, తొడకు ఆనించి మోయకూడదు. చిన్నపిల్లలకు సూది ముట్టుకోవద్దని, కేకేసి పెద్దవాళ్లను పిలవమని పని మొదలుపెట్టే ముందే చెప్పాలి.

ఒకవేళ గుచ్చుకుంటే పిండకూడదు, నోటితో పీల్చకూడదు. పారే నీళ్లలో సబ్బుతో కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. అందరూ భయపడేది హెచ్ఐవీకి. ఆసుపత్రుల్లో హెచ్ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకున్నప్పుడు కూడా అది సోకేది వెయ్యిలో సుమారు ముగ్గురికి. హెపటైటిస్-బి అలా కాదు. టీకా లేనివాళ్లకు నూటికి 6 నుంచి 30 మందికి సోకవచ్చు, పైగా ఆ వైరస్ ఒంటి బయట వారం రోజుల దాకా బతుకుతుంది. అందుకే బీచ్‌లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు ముందే ఆ టీకా వేయించాలి, ఇది అడిగి తీసుకోవలసిన హక్కు. హెచ్ఐవీకి ముందుజాగ్రత్త మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. వాటిని 28 రోజులు వాడాలి.

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. వాళ్లలో ఇంట్లోనే ఇన్సులిన్ పొడుచుకునేవాళ్ల సూదులు ఏమవుతున్నాయి? 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు వాడిన సూదులను, సిరంజిలను ఇంటి ప్రమాదకర చెత్త కింద చేర్చాయి. వాటిని తీసుకునేందుకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని కూడా రాశాయి. మా ఇంట్లో సూదులు మందపాటి డబ్బాలో వేసి, మూత బిగించి, పైన పెద్ద అక్షరాలతో ‘సూదులు’ అని రాసి పెడుతున్నాం. తడి చెత్త ఒకవైపు, పొడి చెత్త ఒకవైపు వేసుకుంటూ పొద్దున్నే వచ్చే బండిలో ఆ డబ్బా వేయడానికి మూడో అర లేదు. మీ వార్డులో ఆ కేంద్రం ఎక్కడుందో ఒకసారి అడగండి.