శ్రీలంకను సేంద్రియ సాగే ముంచిందా? అపోహలు - వాస్తవాలు

నర్సంపేట, పరకాల వైపు ఏ ఊళ్లోనైనా పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ విత్తనం చల్లి, పెరిగాక మట్టిలో కలియదున్నమని చెప్పగానే ఎవరో ఒకరు ఫోన్ తీసి వీడియో పెడతారు. "సేంద్రియం చేసి శ్రీలంక మునిగింది సారూ" అంటారు. ఆ వీడియో తయారుచేసినోడు ఎన్నడైనా పొలం మొహం చూశాడా అని నా అనుమానం.

అపోహ: యూరియా తగ్గిస్తే మన గతీ శ్రీలంకలాగే అవుతుంది.

వాస్తవం: అక్కడ తగ్గించలేదు, ఒక్కసారిగా ఆపేశారు. 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి నవంబరులో వెనక్కి తగ్గారు. అప్పటికే వాళ్ల పెద్ద పంటకాలం 'మహా' మొదలైపోయింది. దిగుబడి పడిపోయి, బియ్యానికి దాదాపు లోటు లేని దేశం బయటి నుంచి కొనాల్సి వచ్చింది.

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు పైనే. పశువుల పెంటలో సుమారు అర శాతం. అంటే ఒక్క బస్తాకు బదులు నాలుగు టన్నుల పెంట కావాలి. దేశమంతటికీ ఒక్క సీజన్‌లో ఎక్కడ తెస్తారు? మేం చెప్పేది అది కాదు. మట్టి పరీక్ష చూసుకుని, జీలుగ వేసి, కొంచెం కొంచెంగా తగ్గించమని.

భయంతో ఎక్కువ వేస్తేనే నష్టం. పత్తి ఏపుగా పెరిగి రసం పీల్చే పురుగులు పడతాయి, మళ్లీ మందుల ఖర్చు. ఒక అక్క తెచ్చుకున్న జీలుగ సంచిని కొడుకు చూపిన వీడియోకి భయపడి మూలకు పెట్టింది. కౌలు భూమి, మిత్తికి తెచ్చిన పైసలు. ఒక్క పంట పోతే కోలుకోలేని మనిషికి ఆ టెన్షన్ ఉండదా? అర ఎకరంలోనే చల్లి చూడమన్నాను, చల్లింది.

అపోహ: వ్యవసాయం దెబ్బతినడం వల్లే శ్రీలంక దివాలా తీసింది.

వాస్తవం: అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు నాలుగో వంతు సాగులోనే ఉన్నా, దేశ ఆదాయంలో దాని వాటా పదో వంతుకన్నా తక్కువ. 2019 చివర పన్నులు కోశారు, బాంబు దాడులు, కరోనాతో పర్యాటకులు రాలేదు, విదేశీ అప్పులు మీద పడ్డాయి. డాలర్లు తెచ్చే తేయాకుకూ ఎరువు లేకుండా చేసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమన్నారు.

అపోహ: పంటల మీద బతికే ద్వీపం ఎదగదు.

వాస్తవం: మారిషస్ కూడా ద్వీపమే, చెరకుతో మొదలై బట్టల ఫ్యాక్టరీలు, పర్యాటకం దాకా పోయింది. అక్కడ మన తెలుగు కూలీల వారసులూ ఉన్నారు.

జీలుగను పూతకు వచ్చే సమయానికే దున్నేయండి. ముదిరితే కాడ తొందరగా మురగదు.