డాబర్‌మన్ మెదడు పెరగదు: కుక్క జాతుల మీద అపోహలు - వాస్తవాలు

ఇంట్లోకి కుక్కను తెచ్చుకుందామనుకున్నవాళ్లు ముందు అడిగేది "ఏ జాతి?" అని. వెంటనే "అది కరుస్తుందా?" అని. ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకోవడంతోనే తిరకాసు మొదలవుతుంది. కరవడం 42 పళ్లున్న ప్రతి కుక్కకూ చేతనైన పనే. జాతిని బట్టి తెలిసేవి వేరు: పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుంది, తరతరాలుగా దాన్ని ఏ పనికోసం ఎంచి పెంచారు, కరిస్తే గాయం ఏపాటిది.

అపోహ: డాబర్‌మన్‌కు వయసు పెరిగేకొద్దీ మెదడు పెరిగి, పుర్రెలో పట్టక పిచ్చెక్కి యజమానినే కరుస్తుంది.

తెలుగునాట ఇంత గట్టిగా పాతుకుపోయిన కుక్క కథ ఇంకోటి లేదేమో. పెద్దయిన కుక్క మెదడు పుర్రెను తోసుకుంటూ పెరగడమన్నది ఏ జాతిలోనూ లేదు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డాలో పన్నులు వసూలు చేసే డాబర్‌మన్ అనే ఆయన తనకు కాపలాగా ఉండాలని మొదలుపెట్టిన జాతి ఇది. తనవాళ్లను అంటిపెట్టుకుని ఉండటం, కొత్తవాళ్లను అనుమానంగా చూడటం దీనికి పుట్టుకతో వచ్చే గుణాలు.

ఆరేడేళ్ల డాబర్‌మన్ ఉన్నట్టుండి కసురుకుంటే వెతకాల్సింది నొప్పి కోసం. మెడ వెన్నుపూసల ఒత్తిడి, థైరాయిడ్ తగ్గడం, చెవిలో ఇన్‌ఫెక్షన్, పంటి చీము, చూపు లేదా వినికిడి మందగించడం, వీటన్నిటినీ డాక్టరు ఒక్కొక్కటిగా చూడాలి. నిజానికి ఈ జాతికి ముప్పు గుండెతో. గుండె కండరం బలహీనపడి గదులు సాగిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతి వీటిలో ఎక్కువ. బయటికి ఏ లక్షణమూ కనిపించకుండానే ముదురుతుంది. మూడేళ్లు దాటాక ఏటా ఒకసారి ఎకో (గుండె స్కానింగ్), వీలైతే గుండె కొట్టుకునే తీరును 24 గంటలపాటు నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించాలి. మెదడు గురించి పడే భయంలో సగం గుండె గురించి పడితే చాలా డాబర్‌మన్లు ఇంకొన్నేళ్లు బతుకుతాయి.

అపోహ: పిట్‌బుల్ దవడకు తాళం పడుతుంది.

తాళం వేసే ఎముకగానీ కీలుగానీ ఏమీ లేదు. మిగతా కుక్కలకున్న దవడే దీనికీ ఉంది. తేడా కరిచే తీరులో ఉంటుంది. చాలా కుక్కలు ఒకసారి కరిచి వెనక్కి తగ్గుతాయి. పోట్లాటల కోసం పెంచిన వంశాల్లో పట్టు వదలనివాటినే ఏరి ఏరి జత కలిపారు. బ్రిటన్‌లో 1835లో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆటను నిషేధించాక, ఆ కుక్కలనే ఒకదానితో ఒకటి పోట్లాడించడం పెరిగింది. పిట్‌బుల్ మూలాలు అక్కడివి. అందుకే పట్టుకుంటే విదిలిస్తుంది, వదలదు. అలా పట్టినప్పుడు మనిషినో, రెండో కుక్కనో గుంజితే కండ చిరిగి గాయం రెండింతలవుతుంది. వెనక నుంచి కాలర్ పట్టుకుని పైకెత్తి మెలితిప్పాలి. ఊపిరి అందకపోతే నోరు తెరుస్తుంది.

దీని అభిమానులు చెప్పే ఇంకో కథ కూడా ఉంది. పూర్వం పిట్‌బుల్‌ను పిల్లల ఆయాగా పెంచేవారట! దానికి చరిత్రలో ఆధారం లేదు.

అపోహ: చెడ్డ జాతులంటూ లేవు, ఉన్నది చెడ్డ యజమానులే.

వినడానికి బాగుంటుంది. సగమే నిజం. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించారు, 2 వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ చదివారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో వివరించగలిగింది 9 శాతం దాకానే. ఎంత త్వరగా రెచ్చిపోతుందనేది జాతితో మరీ తక్కువగా ముడిపడిన గుణాల్లో ఒకటి. కాబట్టి రాట్‌వైలర్ అన్న పేరు విని అది కరుస్తుందో లేదో చెప్పలేం.

బరువు మాత్రం అబద్ధం చెప్పదు. మగ రాట్‌వైలర్ 50 కిలోలు తూగుతుంది. అదే భయం, అదే కోపం 8 కిలోల కుక్కకు వస్తే రెండు కుట్లతో పోయేది, 50 కిలోల కుక్కకు వస్తే ప్రాణం మీదికి వస్తుంది. పనిని బట్టి కూడా చూడాలి. కంగాల్, కాకేషియన్ షెపర్డ్ కొండల్లో గొర్రెల మందను తోడేళ్ల నుంచి కాచిన జాతులు. ఎవరి ఆజ్ఞా లేకుండా సొంతంగా నిర్ణయం తీసుకోవడం వాటి ఉద్యోగం. అలాంటి కుక్కను మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తులో పెట్టి, కొరియర్ కుర్రాడి మీదికి వెళ్లిందని తిడితే తప్పు దానిది కాదు. ఈమధ్య ఫ్యాషన్ అయిపోయిన బెల్జియన్ మాలినోవా సంగతీ అంతే. పోలీసు స్క్వాడ్‌లో బంగారం. రోజుకు అరగంట నడిపించే ఇంట్లో ఆరు నెలలకే సోఫా, చెప్పులు, చివరికి పిల్లల పిక్కలు.

అపోహ: ప్రభుత్వం నిషేధించిన జాబితా చూసుకుంటే చాలు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, సంతానోత్పత్తి, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఆ జాబితాలో 'టోసా ఇను' అని ఒకచోట, 'జపనీస్ టోసా' అని ఇంకోచోట ఉంది. రెండూ ఒకటే జాతి. 'టెరియర్లు' అని మొత్తం గుంపునే పెట్టేశారు. అంటే ఆరేడు కిలోల ఫాక్స్ టెరియర్ కూడా క్రూరమైనదేనన్నమాట. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. జాబితాలో డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ లేవు, కాబట్టి అవి క్షేమం అనుకునేవారూ ఉన్నారు. అదీ పొరపాటే.

నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని పదిహేనేళ్లకు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఇంగ్లండ్, వేల్స్ మాత్రం ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ బుల్లీ రకం కుక్కను కొత్తగా నిషేధిత జాబితాలో చేర్చాయి. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం అక్కడ నేరం. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మనవాళ్లు 'క్రాస్ బ్రీడ్' అన్న మాట నమ్మి కొనకండి. అక్కడ చట్టం చూసేది కాగితాలను కాదు, కుక్క కొలతలను. అమెరికాలో అయితే అద్దె అగ్రిమెంటు, ఇంటి ఇన్సూరెన్సు రెండింట్లోనూ జాతుల జాబితా ఉందేమో కుక్కను తెచ్చుకునే ముందే చదవాలి.

మన దేశంలో ఏ జాతి కరిచినా యజమానికి వర్తించేది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం చూపితే 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: ల్యాబ్, పొమేరియన్, పగ్ అయితే పిల్లలతో భయం లేదు.

మన ఇళ్లలో 'పొమేరియన్' అని పిలిచే తెల్ల కుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. తెలివైనది, గట్టి గొంతు, ముట్టుకుంటే ఊరుకోని స్వభావం. చిన్నదే కదా అని దాని గుర్రును ఎవరూ లెక్కచేయరు. పసివాడి మొహం సరిగ్గా దాని నోటి ఎత్తులోనే ఉంటుంది. ల్యాబ్రడార్ స్నేహశీలే. కానీ 30 కిలోల కుక్కకు రోజుకు కనీసం గంట పరుగో నడకో లేకపోతే ఆ శక్తంతా గెంతడంలో తీరుతుంది. కరవకుండానే మూడేళ్ల పిల్లను, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మను కింద పడేయగలదు.

పగ్, షిట్జు విషయంలో భయం పిల్లలకు కుక్కతో కాదు, కుక్కకు పిల్లలతో. వాటి కళ్లు లోతులేని గుంటల్లో ఉంటాయి. పిల్లలు మెడమీద చర్మం పట్టి గట్టిగా లాగితే కనుగుడ్డు బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. అలా జరిగితే లోపలికి నొక్కకుండా తడి గుడ్డ కప్పి, గంటలోపు పశువుల ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లలు కాట్లు తినే సందర్భాలు ఏ జాతిలోనైనా దాదాపు ఇవే: తింటున్న గిన్నె దగ్గర, ఎముక కొరుకుతున్నప్పుడు, నిద్రలో లేపినప్పుడు, మూలకు నెట్టి కౌగిలించుకున్నప్పుడు. పసిబిడ్డ పాకడం మొదలుపెట్టగానే కుక్క గిన్నెకు గేటు లేదా వేరే గది ఏర్పాటు చేయాలి. "చూస్తూనే ఉన్నాం" అంటే సోఫాలో ఫోన్ పట్టుకుని కూర్చోవడం కాదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండటం.

గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కకు ఎదురుపడి గిన్నె లాక్కుంటే వ్యవహారం ముదురుతుంది. రెండు మీటర్ల దూరంలో నడిచి వెళుతూ ఉడికించిన కోడిమాంసం ముక్క గిన్నె వైపు విసరండి, ఆగకండి. రోజుకు నాలుగైదుసార్లు. మీ అడుగుల చప్పుడుకు అది తోక వదులుగా ఊపి తలెత్తడం మొదలుపెట్టాకే ఒక అడుగు దగ్గరికి జరగాలి. దీనికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలతో చేయించకూడదు.

అపోహ: నాటు కుక్కలు ఇంటికి పనికిరావు.

కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను తోలిన జోనంగి మన ఆంధ్ర కుక్కే. పొట్టి వెంట్రుకలు, ఎండకు తట్టుకునే ఒళ్లు. గోతులు తవ్వుతుంది, కాబట్టి పూలకుండీల మీద ఆశ వదులుకోండి. రాజపాళయం తమిళనాడుదే అయినా ఆ ఊరి తెలుగు రాజుల పేరుతో ముడిపడిన జాతి. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు చూసి ముచ్చటపడి కొంటారు. ఆ తెల్లరంగుతోపాటే కొన్నిటికి పుట్టు చెవుడు వస్తుంది. వినిపించని కుక్కను వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. కొనే ముందు పిల్ల నిద్రపోతున్నప్పుడు దాని వెనక తాళంచెవుల గుత్తి ఆడించి చూడండి, చెవి కదలాలి.

అపోహ: కారం, పచ్చిమాంసం పెట్టి, పగలంతా కట్టేస్తే కాపలాకు పౌరుషం వస్తుంది.

కారంతో వచ్చేది కడుపుమంట, విరేచనాలు. పచ్చిమాంసంతో రోషం రాదు, నట్టలు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రావచ్చు. గొలుసు మాత్రం నిజంగానే కుక్కను మారుస్తుంది, మనకు కావలసినట్టు కాదు. దాటిపోయే ప్రతివాళ్లనూ చూడటం, అందుకోలేకపోవడం, పారిపోలేకపోవడం. ఏడాది తిరిగేసరికి అది కొత్తవాళ్లకూ ఇంటివాళ్లకూ తేడా చూడకుండా మీదపడే స్థితికి వస్తుంది.

అపోహ: మొరిగే కుక్క కరవదు.

సామెత మనుషుల గురించి. మొరిగే కుక్క "దగ్గరికి రాకు" అంటోంది, వస్తే కరవొచ్చు. తోక ఊపడమూ స్నేహానికి గుర్తు కాదు: తోక నిటారుగా లేచి, బిర్రుగా, వేగంగా ఊగుతుంటే అది ఉద్రేకం. కాటుకు ముందు మెట్లుంటాయి. మొహం తిప్పుకోవడం, ఆహారం లేకుండానే పెదవులు నాకడం, ఆవలింత, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు, ఒళ్లు బిగదీసి కదలకుండా నిలబడిపోవడం, ఆపైన గుర్రు. గుర్రుమన్నందుకు కొడితే గుర్రు పోతుంది, కోపం ఉంటుంది. "ఏ హెచ్చరికా లేకుండా కరిచింది" అనే కుక్కల్లో చాలావాటికి హెచ్చరిక మాన్పించింది యజమానులే.

అపోహ: ఎంత పసిగా తెస్తే అంత మచ్చిక అవుతుంది.

30 రోజుల పిల్లను అమ్మే షాపు నుంచి తేకండి. 8 వారాలలోపు కుక్కపిల్లను అమ్మడం కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనలకు విరుద్ధం. గట్టిగా కొరికితే తోబుట్టువు కుయ్యిమని ఆట మానేస్తుంది. పళ్ల ఒత్తిడి అదుపు నేర్చుకునేది తల్లి, తోబుట్టువులతో గడిపే ఆ చివరి వారాల్లోనే. తల్లిని చూడకుండా పిల్లను కొనకూడదు. తల్లి మిమ్మల్ని చూసి మంచం కింద దాక్కుంటే ఆ పిల్లలను వదిలేయండి, ఏ జాతైనా సరే.

3 నుంచి 14 వారాల మధ్య చూసినదాన్ని కుక్క మామూలుగా తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే టీకాలు పూర్తికాక పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం ఉంటుంది. కాబట్టి నేలమీద వదలకుండా ఎత్తుకుని తిప్పండి: ఆటో చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్ర తాతయ్య, బడి పిల్లల గుంపు. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ. దీపావళి టపాసుల చప్పుడు ఫోన్‌లో సన్నగా పెట్టి, వినిపిస్తున్నప్పుడే తినడానికి పెట్టండి.

అపోహ: ఇంటి కుక్క కదా, గీరుకుంది అంతే, ఇంజెక్షన్ ఎందుకు?

రేబిస్ జాతిని చూడదు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ సామెతకే పరిమితం. పసరు, సున్నం, కారం పూయకుండా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయింది. ఇప్పుడు కండరానికైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో జబ్బకు (చిన్నపిల్లలకు తొడకు), చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం కారిన గాయమైతే తొలిరోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే సిద్ధ యాంటీబాడీలు) ఇంజెక్షన్ కూడా పడాలి. కరిచిన కుక్కను 10 రోజులు గమనిస్తారు, కానీ ఆ 10 రోజులూ అయ్యాక చూద్దామని టీకా ఆపకూడదు. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత ఏటా. ఆ టీకా కార్డు ఫ్రిజ్ మీదే కాదు, ఫోన్‌లో ఫొటోగా కూడా ఉండాలి. అర్ధరాత్రి క్యాజువాల్టీలో డాక్టరు మొదట అడిగేవాటిలో అదొకటి.