ఆకు ఫోటోకి మందు చెప్పలేం: అపోహలు - వాస్తవాలు

పద్మనాభం మండలంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిగా పనిచేస్తున్నాను. పొద్దున్న ఆరింటికే వాట్సాప్‌లో ఒక ఫోటో, కింద ఒకటే మాట: "ఏ మందు కొట్టాలి సార్?" రోజూ ఇదే వరస.

అపోహ: మిరపాకు ముడత అంటే ముడతే, మందు ఒకటే.

కాదు. పచ్చిమిర్చి వేసినవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగు (త్రిప్స్). పడవ బోర్లించినట్టు కిందికి ముడుచుకుని, కాడ సాగితే నల్లి (మంచంలో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే మైట్). ఆకులు చిన్నవైపోయి, చెట్టు గిడసబారి, కదిపితే తెల్లదోమ లేస్తుంటే అది ఆ దోమ మోసుకొచ్చే వైరస్. తామర పురుగుకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ నల్లిని ఏమీ చేయదు. సైపర్‌మెత్రిన్ లాంటివి పదేపదే కొడితే నల్లిని తినే మిత్రపురుగులు చచ్చి, నల్లి ఇంకా రెచ్చిపోతుంది. వైరస్ పట్టిన మొక్కకైతే మందే లేదు, పీకేయాల్సిందే.

మొన్నామధ్య ఒక పెద్దావిడ కేరీబ్యాగులో నాలుగు ఖాళీ సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇన్ని కొట్టాను బాబూ, ఇంకేటి కొట్టమంటావు?" లేబుళ్లు తిప్పి చూస్తే పేర్లే వేరు, మూడింట్లో ఉన్నది ఒకటే మందు. చేలోకెళ్లి ఆకు తిరగేసి భూతద్దం పెట్టాను. నల్లి. నాలుగు సీసాల్లో ఒక్కటీ నల్లి మందు కాదు. ఆమెను ఏమనగలం? పంట కళ్లముందే పోతుంటే ఆ టెన్షన్‌లో ఎవరేది చెబితే అది కొట్టేస్తాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఫోటో చూసి తామర పురుగనే చెప్పాను. రెండ్రోజులకి వెళ్లి చూస్తే నల్లి. ఆ రైతుకి ఒక స్ప్రే డబ్బులు నా మాట వల్లే పోయాయి. అప్పట్నుంచి మొక్క చూడకుండా మందు పేరు చెప్పను. ఆకు కాదు, వేళ్లతో సహా మొక్క తీసుకురండి. అంతకుముందు ఏం కొట్టారో, ఎన్ని రోజులైందో కూడా చెప్పండి.

అపోహ: పక్క రైతునడగడం తప్పు, షాపువాళ్లంతా మోసగాళ్లు.

ఈ రెండు మాటలూ తప్పే. 2003 నాటి జాతీయ నమూనా సర్వేలోనూ రైతుకి సాగు కబురందే దారుల్లో తోటి రైతే ముందున్నాడు, తర్వాత మందుల షాపు, ఆ తర్వాత రేడియో. ఏడాదిపాటు చదివి దేశీ (DAESI, మందుల డీలర్లకి వ్యవసాయం నేర్పే కోర్సు) డిప్లొమా తెచ్చుకున్న డీలర్లూ ఉన్నారు. మీరు మాత్రం 'ఏ మందు' అని కాకుండా 'ఏ పురుగుకి' అని అడగండి. లేబుల్ మీద కంపెనీ పేరు కింద ఉండే అసలు మందు పేరు చదివించుకోండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

అపోహ: రైతు సేవా కేంద్రం యూరియా కోసమే.

కాదు, తెగుళ్ల గురించి అడగొచ్చు.

అపోహ: కిసాన్ కాల్ సెంటర్‌లో హిందీయే మాట్లాడతారు.

తెలుగులోనే మాట్లాడతారు. 1800-180-1551, పైసా ఖర్చు లేదు, పొద్దున్న 6 నుంచి రాత్రి 10 దాకా. చేలో నిలబడి, ఆకు తిరగేసి చూస్తూ చేయండి. కింద ఏం కనిపిస్తోందో చెప్పకపోతే వాళ్లు మాత్రం ఏం చెప్పగలరు?