సూదికి ముందు సంతకం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించే మాట వస్తే ‘అప్పట్లో ఖమ్మంలో ఏదో జరిగిందట కదా’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అడిగినవాళ్లను మూఢనమ్మకాల మనుషులని కొట్టిపారేయడం అన్యాయం. అక్కడ నిజంగానే ఒక తప్పు జరిగింది.

2009 జులైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గార్డాసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. అమెరికా సంస్థ పాథ్, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమమిది. సుమారు 14 వేల మందికి వేశారు. వీరిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు ఎందరో. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని ఆపించింది.

విచారణలో తేలిన మరణ కారణాలు పాముకాటు, నీట మునగడం, మలేరియా, పురుగుమందు వంటివి. టీకాతో వాటికి సంబంధం కనబడలేదు. ఆ మాటను నేను నమ్ముతాను. అయితే అనుమతి పత్రాలు తిరగేస్తే బయటపడింది వేరే సంగతి. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. మరో 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. ఆ కాగితాన్ని ఒక్కసారి కళ్లముందు పెట్టుకోండి. కన్నతల్లి ఎక్కడో గూడెంలో ఉంది. ఆమె పేరు ఉండాల్సిన చోట వార్డెన్ సంతకం ఉంది. పిల్లకు ఏ సూది వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

కొవిడ్ నాటికీ ఈ సంతకం గొడవ తీరలేదు. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి వచ్చేసరికి మూడో దశ ప్రయోగాల ఫలితాలు ఇంకా వెలువడలేదు. అందుకే మొదట్లో ఆ టీకా వేయించుకునేవాళ్లతో అనుమతి పత్రం మీద సంతకం చేయించుకునేవారు. వైద్య సిబ్బందిలోనే కొందరు తటపటాయించారు. ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో విడత ఉద్ధృతి వచ్చాక అదే టీకా కోసం జనం బారులు తీరారు. తటపటాయించినవాళ్లు, బారులు తీరినవాళ్లు వేరువేరు మనుషులేమీ కాదు.

2020 అంచనాల ప్రకారం దేశంలో ఏటా 77 వేలకు పైగా స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోతున్నారు. వారిలో ఎక్కువమందిని ఈ టీకా కాపాడగలదు. అందుకే ఖమ్మంలో జరిగిన నిర్లక్ష్యం నాకు మరింత బాధ కలిగిస్తుంది. 2009లో వరుసలో నిలబడ్డ ఆ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులయ్యే వయసులో ఉన్నారు. రేపు తమ కూతుళ్ల పత్రం వచ్చినప్పుడు సంతకం పెట్టాల్సింది వాళ్లే.